ముందు పెళ్లి, ఆ తరువాతే ప్రయాణం

అమెరికా పౌరసత్వం ఉన్న అబ్బాయితోనో అమ్మాయితోనో సంబంధం కుదిరిన ఇంట్లో కల్యాణ మండపం బుక్ చేయకముందే వినపడే ప్రశ్న ఒకటుంది: ఏ వీసా అయితే తొందరగా వస్తుంది? సెలవు మూడు వారాలే దొరికిందని ఒకరంటారు. శూన్యమాసం వచ్చేస్తోందని ఇంకొకరు గుర్తు చేస్తారు. కన్సల్టెన్సీ వాళ్లు కె-1 సులువన్నారని మరొకరు చెబుతారు. తాంబూలాలు పుచ్చుకునే నాటికి దారి ఖాయమైపోతుంది. ఆ దారిన వెళ్లి పరాయి దేశంలో నిలబడాల్సిన మనిషికి దిగిన రోజున ఏ హక్కులుంటాయన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు. ఈ విషయంలో ఈ పత్రిక అభిప్రాయం స్పష్టం. పెళ్లి ఇక్కడే చట్టబద్ధంగా జరిపించి, రిజిస్టర్ చేయించి, భార్య లేదా భర్త హోదాలో వలస వీసా చేతికొచ్చాకే విమానం ఎక్కాలి. కాబోయే భార్యగా, కాబోయే భర్తగా వెళ్లి అక్కడ పెళ్లాడే కె-1 దారి చట్టం ఒప్పుకున్నదే. అయినా మన కుటుంబాలు దాన్ని ఎంచుకోవద్దనే అంటున్నాం.

కె-1 అంటే పెళ్లి వీసా అని చాలామంది అనుకుంటారు. వియత్నాం యుద్ధం సాగుతున్న రోజుల్లో, 1970లో అమెరికా కాంగ్రెస్ తెచ్చిన ఈ వీసా నిజానికి పెళ్లి చేసుకోవడానికి 90 రోజుల గడువుతో ఇచ్చే ప్రవేశానుమతి. దీనికి పిటిషన్ వేసే హక్కు పౌరులకే ఉంది, గ్రీన్‌కార్డు ఉన్నవారికి లేదు. పిటిషన్ వేయడానికి ముందు రెండేళ్లలో ఇద్దరూ ఒక్కసారైనా ముఖాముఖి కలిసి ఉండాలి. దిగిన 90 రోజుల్లో పెళ్లి జరగాలి, అదీ పిటిషన్ వేసిన వ్యక్తితోనే. ఆ తరువాత గ్రీన్‌కార్డు కోసం ఐ-485 దరఖాస్తు పెట్టుకోవాలి. అసలు నిరీక్షణ అప్పుడు మొదలవుతుంది. పని అనుమతి పత్రం వచ్చేదాకా జీతం తీసుకునే ఏ పనీ చేయకూడదు. అడ్వాన్స్ పరోల్ అనే ముందస్తు అనుమతి లేకుండా దేశం దాటితే దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క. ఇక్కడ తండ్రికి గుండెపోటు వచ్చినా కూతురు కాగితం కోసం ఎదురుచూడాలి. వలస వీసా పద్ధతి వేరు. పెళ్లయ్యాక పౌరుడైన భాగస్వామి ఐ-130 పిటిషన్ వేస్తారు. అది ఆమోదం పొంది, నేషనల్ వీసా సెంటర్‌లో కాగితాల పరిశీలన పూర్తయ్యాక ముంబయి కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ జరుగుతుంది. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో పెద్ద కాన్సులేట్ ఉన్నా వలస వీసాల పని అక్కడ చేయరు. వీసాతో దిగిన క్షణం నుంచే ఆ మనిషి శాశ్వత నివాసి. పాస్‌పోర్టులో పడిన ముద్రే ఏడాదిపాటు గ్రీన్‌కార్డుకు సమానం. మర్నాడే ఉద్యోగంలో చేరవచ్చు, మర్నెలలో చెల్లెలి పెళ్లికి వచ్చి వెళ్లవచ్చు.

ఖర్చు సంగతి చూసినా తీర్పు ఇటే. 2024 ఏప్రిల్ 1 నాటికి అమల్లో ఉన్న రుసుముల ప్రకారం కె-1 పిటిషన్‌కు 675 డాలర్లు, వీసా దరఖాస్తుకు 265, అక్కడికి వెళ్లాక ఐ-485కు 1,440, మొత్తం 2,380. ఉద్యోగానికి, ప్రయాణానికి అనుమతులు కావాలంటే మరో 260, 630. వలస వీసాకు కాగితం మీద వేసే ఐ-130కి 675, వీసాకు 325, పోషణ హామీ పత్రం పరిశీలనకు 120, చివర్లో గ్రీన్‌కార్డు తయారీకి 235. మొత్తం 1,355 డాలర్లు. వైద్య పరీక్షల ఖర్చు, రానుపోను చార్జీలు రెండింటికీ ఉంటాయి. రుసుములు మారుతూనే ఉంటాయి గనుక దరఖాస్తు నాటి అంకెలు సరిచూసుకోవాలి. అయితే ఒక దారిలో రెండుసార్లు, రెండో దారిలో ఒక్కసారే వలస శాఖ గుమ్మం ఎక్కుతాం గనుక తేడా ఎటు మొగ్గుతుందో తెలుస్తూనే ఉంది.

డబ్బు పోతే పోయింది, ఎడబాటు మాటేమిటని అడుగుతారు. కొత్తగా పెళ్లైన జంటను ఏడాదికి పైగా విడదీసి ఉంచమనడం తేలిగ్గా చెప్పే మాట కాదు. ఈ అభ్యంతరంలో బాధ ఉంది, న్యాయమూ ఉంది. కాకపోతే లెక్క ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపుతున్నామో చూడాలి. కె-1 పిటిషన్ కూడా వారాల్లో తేలదు, అదీ నెలల తరబడి సాగేదే. పైగా దాని నిరీక్షణలో సగభాగం అమెరికా గడ్డ మీదే గడుస్తుంది గనుక ఇక్కడున్న పెద్దలకు కనపడదు. కాళ్లు కట్టేసినట్టు ఇంట్లో కూర్చుని, బ్యాంకు ఖాతాకూ డ్రైవింగ్ లైసెన్సుకూ మరొకరి మీద ఆధారపడే ఆ నెలలను ఎవరూ ఎడబాటు ఖాతాలో వేయరు. ఇంజనీరింగ్ చదివి ఇక్కడ మంచి జీతం తెచ్చుకునే అమ్మాయి ఆ నెలల్లో ఏమీ సంపాదించలేదు. వలస వీసా కోసం ఇక్కడే ఆగితే ఆమె ఉద్యోగం ఆమెకుంటుంది, అమ్మానాన్నలు దగ్గరుంటారు. అమెరికా పాస్‌పోర్టు చేతిలో ఉన్న భాగస్వామి సెలవు పెట్టుకుని వచ్చి వెళ్లవచ్చు. ఎడబాటు భారం ఎవరో ఒకరు మోయక తప్పనప్పుడు తిరిగే స్వేచ్ఛ ఉన్నవారే మోయడం సబబు.

కె-1ను మెచ్చుకునేవారి బలమైన వాదన ఇంకొకటుంది. పెళ్లికి ముందు మూడు నెలలు ఒకరినొకరు దగ్గరగా చూసుకునే వీలుంటుందని, నచ్చకపోతే వెనక్కి రావచ్చని అంటారు. వినడానికి బాగుంటుంది. కానీ ఆ పరీక్షలో ఇద్దరూ సమానంగా కూర్చోరు. ఒకరు సొంత ఇంట్లో, సొంత ఉద్యోగంలో ఉంటారు. రెండోవారి తలమీద 90 రోజుల గడువు వేలాడుతుంటుంది. కె-1 మీద వచ్చినవారు విద్యార్థి వీసాకో మరో వీసాకో మారలేరు, వేరొకరిని పెళ్లాడి అక్కడే గ్రీన్‌కార్డు పొందనూ లేరు. నచ్చలేదనిపిస్తే మిగిలింది తిరుగు విమానమే. మన ఊళ్లలో నిశ్చితార్థం చేసుకుని, అమెరికా వెళ్లి, పెళ్లి కాకుండా తిరిగొచ్చిన అమ్మాయి గురించి ఇరుగుపొరుగు ఏమంటారో విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ మాటలకు జడిసే చాలామంది అనుమానాలు మింగేసి 89వ రోజున సంతకం పెడతారు. స్వేచ్ఛగా తేల్చుకోవడం అంటే ఇది కాదు. ఒకరినొకరు తెలుసుకోవాలంటే పెళ్లికి ముందే అబ్బాయి నెల రోజులు ఇక్కడికి వచ్చి ఉండవచ్చు. అందుకు ఏ పిటిషనూ అక్కర్లేదు.

అంతకంటే లోతైన తేడా పోషణ హామీలో ఉంది. పెళ్లి చేసుకుని రప్పించే భాగస్వామి వీసా రాకముందే ఐ-864 అనే పత్రం మీద సంతకం చేయాలి. 1996 చట్టం నుంచి అది కోర్టులో అమలు చేయించుకోగల ఒప్పందం. పేదరిక రేఖకు 125 శాతం మేరకైనా వచ్చినవారిని పోషిస్తానన్న హామీ అది. విడాకులైనా ఆ బాధ్యత తీరదు. వచ్చినవారు పౌరసత్వం పొందడమో, పనిచేసిన కాలం 40 త్రైమాసికాలకు చేరడమో, దేశం శాశ్వతంగా విడిచిపోవడమో, మరణమో జరిగితేనే తీరుతుంది. కె-1 వీసా ఇంటర్వ్యూకు మాత్రం ఐ-134 అనే మామూలు పోషణ హామీ పత్రం సరిపోతుంది. దాన్ని పట్టుకుని కోర్టుకెళ్లినా పెద్దగా ఫలం ఉండదు. ఐ-864 అక్కడ పెళ్లయ్యాక ఐ-485తో పాటు ఇవ్వాల్సిన కాగితం. అంటే వధువు విమానం దిగి, తాళి కట్టించుకుని, వీసా గడువు దాటిపోతున్న రోజుల్లో కూడా ఆమె భవిష్యత్తు భర్త పెట్టాల్సిన ఒక సంతకం మీద ఆగి ఉంటుంది. మంచివాడు పెడతాడు, నిజమే. చెడ్డవాడి చేతిలో అదే ఆయుధమవుతుంది.

వలస వీసాలో లోపాలు లేవని మేము అనడం లేదు. పెళ్లై రెండేళ్లు నిండకముందే అమెరికాలో అడుగుపెడితే సీఆర్-1 కింద రెండేళ్ల షరతుల గ్రీన్‌కార్డే ఇస్తారు. దొంగ పెళ్లిళ్లను అరికట్టే పేరుతో 1986లో తెచ్చిన నిబంధన ఇది. కార్డు గడువు తీరేముందు 90 రోజుల్లో దంపతులిద్దరూ కలిసి ఆ షరతులు తొలగించమని ఐ-751 వేయాలి. అయితే కె-1 మీద వెళ్లినవారికీ ఇదే షరతు ఉంటుంది, కాకపోతే ఆలస్యంగా మొదలవుతుంది. విడాకులైనా, హింసకు గురైనా ఒంటరిగా దరఖాస్తు చేసుకునే మినహాయింపు చట్టంలో ఉంది. అడుగుపెట్టే నాటికి పెళ్లికి రెండేళ్లు దాటితే ఐఆర్-1 కింద పదేళ్ల కార్డు నేరుగా వస్తుంది. ఒక్క విషయంలో మాత్రం కె-1 నిజంగా మెరుగు. పెళ్లి దళారుల మీద 2005లో తెచ్చిన అమెరికా చట్టం వల్ల కె-1 పిటిషన్ వేసేవారు గృహహింస వంటి నేరాల్లో తమకు పడిన శిక్షలు వెల్లడించాలి, ఆ సమాచారం ఇవతలివారికి అందుతుంది. ఐ-130కి ఆ నిబంధన లేదు. ఇది అమెరికా దిద్దుకోవాల్సిన లోపం. అందాకా ఆ పని మనమే చేసుకోవాలి. అక్కడ చాలా కౌంటీ కోర్టుల రికార్డులు ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. జాతకాలు కుదిరాయో లేదో చూసే శ్రద్ధలో పదో వంతు ఇటు పెడితే చాలు.

విజిటర్ వీసా ఎలాగూ ఉంది కదా, వెళ్లి అక్కడే పెళ్లి చేసుకుని ఉండిపోతే సరిపోదా అనే సలహా తరచూ వినిపిస్తుంది. చూసి వస్తానని చెప్పి దిగి, మనసులో ఉండిపోయే ఉద్దేశం పెట్టుకోవడం అబద్ధమాడి ప్రవేశించడమే. దిగిన 90 రోజుల్లోపు పెళ్లి చేసుకుని ఉండిపోతే ఆ ఉద్దేశం ముందే ఉందని అమెరికా విదేశాంగ శాఖ అనుమానిస్తుంది. మోసం తేలితే జీవితాంతం ప్రవేశ నిషేధం పడవచ్చు, మినహాయింపు దొరకడం కష్టం. ఈ దారి గురించి ఇంతకుమించి చర్చ అనవసరం.

మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది పెళ్లి కాగితాల దగ్గరే. కె-1కి పెళ్లి కాకుండా ఉండాలి. నిశ్చితార్థం పేరుతో పీటల మీద కూర్చోబెట్టి, తాళి కట్టించి, ఆ ఫొటోలే సాక్ష్యంగా జతచేస్తే పెళ్లైపోయిందని అధికారి తిరస్కరించవచ్చు. దీనికి సరిగ్గా వ్యతిరేకమైన పొరపాటు ఇంకొకటి. వీసా కోసం ముందు రిజిస్టర్ ఆఫీసులో సంతకాలు పెట్టి, అసలు పెళ్లి ఆరు నెలల తరువాత ఆర్భాటంగా చేద్దామనుకోవడం. హిందూ వివాహ చట్టం కింద శాస్త్రోక్తమైన క్రతువు జరగకుండా చేసిన రిజిస్ట్రేషన్ వల్ల పెళ్లైనట్టు కాదని 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు డాలీ రాణి కేసులో తేల్చి చెప్పింది. వీసా కోసం ఇలా ముందే రిజిస్టర్ చేయించే ధోరణిని కోర్టు ప్రత్యేకంగా ప్రస్తావించింది కూడా. ముందు కాగితమే కావాలంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. అందులో అధికారి ఎదుట జరిగేదే పెళ్లి. ఇద్దరిలో ఒకరు ఆ అధికారి జిల్లాలో 30 రోజులు ఉండి నోటీసు ఇవ్వాలి, మరో 30 రోజులు ఆగాలి. మతాలు వేరైన జంటలకూ ఇదే సరైన చట్టం. మూడు వారాల సెలవులో ఇది కుదరదు గనుక సంబంధం అనుకున్నప్పుడే ప్రణాళిక వేసుకోవాలి.

మేము చెప్పేది అందరికీ వర్తించదు. ఒకే లింగానికి చెందిన జంటల పెళ్లికి మన చట్టంలో చోటు లేదని 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక, ఇక్కడ పెళ్లి చేసుకుని వెళ్లమని వారికి చెప్పడం అన్యాయం. వారికి కె-1 నిజంగానే ఆసరా. గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్నవారిని పెళ్లాడేవారు ఎఫ్2ఏ వరుసలో నిలబడాలి. పౌరుల భాగస్వాములకు వీసాల సంఖ్య మీద పరిమితి లేదు గానీ ఆ వరుసకు ఉంది. హెచ్-1బీ వారితో వెళ్లేవారికి హెచ్-4 తప్ప వేరే దారి లేదు, దాని మీద ఉద్యోగం చేసుకునే వీలు 2015 నిబంధన ప్రకారం కొందరికే ఉంది. అందుకే ‘అమెరికా సంబంధం’ అన్న ఒక్క మాటతో తృప్తి పడకుండా చేతిలో ఉన్నది ఏ కాగితమో అడగాలి.

ఈ దారికంతటికీ పునాది రిజిస్టరైన పెళ్లి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లోనే వివాహాల నిర్బంధ రిజిస్ట్రేషన్ చట్టం చేసింది. ప్రవాస భారతీయుల పెళ్లిళ్లను 30 రోజుల్లో రిజిస్టర్ చేయాలన్న బిల్లును 2019 ఫిబ్రవరిలో కేంద్రం రాజ్యసభలో ప్రవేశపెట్టింది. అది చట్టం కాలేదు. పైగా ఆ బిల్లు పరిధి విదేశాల్లో ఉంటున్న భారత పౌరులకే. అమెరికా పాస్‌పోర్టు తీసుకున్న మనవాళ్లు అందులోకి రారు. విదేశీ పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు పొందినవారికీ వర్తించే సమగ్ర చట్టం కావాలని 2024 ఫిబ్రవరిలో లా కమిషన్ తన 287వ నివేదికలో సిఫారసు చేసింది. రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలు పార్టీలు పక్కనపెట్టి ఆ సిఫారసును చట్టంగా తెమ్మని కేంద్రాన్ని నిలదీయాలి.