బర్రెకు వేసిన నీడ అమ్మకు వేసినమా?

కొంచెం పొడుగు పోస్టు, కోపంతోనే రాస్తున్న. చదివినంక తిట్టేటోళ్లు తిట్టండి.

ఎండలు ముదరంగనే మనం అందరం ఒక పని చేస్తం. బర్రెల కొట్టం రేకుల మీద వరిగడ్డి పరుస్తం. పక్కలకు గోనె పట్టాలు కట్టి పొద్దున, మాపున నీళ్లు చల్లుతం. ఎందుకంటే ఎండ దెబ్బకు పాలు తగ్గుతయి, పాలకేంద్రంలో లెక్క తగ్గుతది. మంచిదే. మరి అదే ఇంట్లో అమ్మ ఎక్కడ పండుకుంటది? నల్లబడ్డ స్లాబు కింద, పడమటి గదిలో. ఆ స్లాబు మీద ఏం పరిచినం? ఏం లేదు. అమ్మ పాలు ఇయ్యది కదా!

నా ఇంటి సంగతే చెప్తున్న. పోయిన ఏడు మే నెలలో ఒక రాత్రి పదకొండు దాటినంక అమ్మ లేచిపోయి బర్రెల కొట్టంలో మంచం వేసుకున్నది. ఏందమ్మా అంటే, "ఇక్కడే నయం బిడ్డా, లోపల ఉడికిపోతున్న" అన్నది.

తెల్లారి నేనేం చేసిన్నో తెలుసా? ఏసీ షాపుకు పోయిన. కిస్తీల కాగితం మీద సంతకం ఒక్కటే తక్కువ. లెక్క వేసుకుంటే చెమట పట్టింది. టన్నున్నర ఏసీ గంటకు యూనిట్ నుంచి యూనిటున్నర తాగుతది. రాత్రికి ఎనిమిది గంటలంటే నెలకు 240 నుంచి 360 యూనిట్లు. యూనిట్లు పెరిగిన కొద్దీ రేటు గూడ పైకి ఎక్కుతది. అదీ ఎప్పుడు? విత్తనాలకు, ఎరువులకు పైసలు చూసుకునే టైంలో. గాలిదుమారం వచ్చి కరెంటు పోయిందంటే, కిటికీలు బిగించిన ఆ గది ఇంకా అధ్వాన్నం.

"పాత ఇండ్లే మేలని కథలు చెప్తున్నవా" అని అడుగుతరు కొందరు. చెప్పను. మా గూనపెంకల ఇల్లు కూలగొట్టింది నేనే. కోతులు పెంకులు పీకేస్తుంటే ఏటా కప్పు సర్దలేక సచ్చిన. స్లాబు వేసుకున్నది తప్పు కాదు. కానీ పాత ఇంటికి మూరెడు మందం మట్టిగోడ ఉండె, ముందట వసారా ఉండె, వేడి గాలి పెంకుల సందుల నుంచి పైకి పోయేది. అవన్నీ తీసేసినం, బదులు ఏమీ పెట్టలేదు. స్లాబు పొద్దంతా ఎండ తాగి రాత్రంతా లోపలికి కక్కుతది. పైగా నీడిచ్చే యాపచెట్టును వాస్తు పేరు మీద కొట్టించినం. (వాస్తు చెప్పినాయన ఇంటి ముందట రెండు చెట్లు పచ్చగ ఉన్నయి, పోయి చూడండి.)

తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. తెల్లటి కప్పు ఎండను వెనక్కి కొడతది అన్నదే అందులో అసలు మాట. కానీ సొంతిండ్లలో తప్పనిసరి చేసింది 600 గజాలు, ఆపైన ఉన్నోళ్లకు. నూరు గజాల ఇంట్లో ఉడికేటోడికి మాత్రం ఇష్టముంటే వేసుకో అన్నది. కాబట్టి మన పని మనమే చేసుకోవాలె.

నేను చేసింది ఇదీ. స్లాబు ఊడ్చి, పాచి గీకి కడిగిన. ముద్ద సున్నం రాత్రంతా నానబెట్టి, వడగట్టి, పట్టు కోసం ఫెవికాల్ కలిపి రెండు కోట్లు వేసిన. రెండోది మొదటిది ఆరినంకనే. పని పొద్దు వాలినంక పెట్టుకోండి, మిట్ట మధ్యాహ్నం వేస్తే పెళుసులు లేస్తది. రాళ్ల సున్నమైతే నీళ్లు పోయంగనే మసులుతది, పిల్లలను దగ్గరికి రానియ్యకండి, కండ్లల్ల పడితే చూపుకే ముప్పు. కూలితో కలిపి మూడు వేల లోపే అయింది. వానకు కొట్టుకపోతది, ఏటా వేయాల్సిందే. అయితే ఏంది, కొట్టం మీద గడ్డి ఏటా మార్చడం లేదా?

పడమటి గోడకు బీర పందిరి వేసిన. కిటికీలు పొద్దున తొమ్మిదికి మూసి, చీకటి పడినంక తెరుస్తున్నం. మనోళ్లు ఎక్కువ మంది దీన్ని ఉల్టా చేస్తరు. మధ్యాహ్నం గాలి కోసమని తలుపులు బార్లా తెరిచి వడగాలిని ఇంట్లకు పిలుస్తరు, రాత్రి దొంగల భయంతో మూసేస్తరు. కిటికీకి జాలి కొట్టించుకుంటే ఆ భయం గూడ ఉండదు.

ఇల్లు మంచుకొండ అయిందని అబద్ధం చెప్పను. మధ్యాహ్నం ఇంకా ఉక్కపోతనే. కానీ రాత్రి స్లాబు అడుగున అరచేయి పెడితే తేడా తెలుస్తది. అమ్మ ఈ ఏడు లోపలే పండుకుంటున్నది.

2015 మే నెల గుర్తుంది కదా. వడదెబ్బకు రెండు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా పోయిండ్రు. ఎక్కువ మంది ముసలోళ్లు, కూలికి పోయేటోళ్లు. మన పొలాల్లో నాట్లు వేసేటోళ్లు ఉండేది రేకుల ఇండ్లల్లనే. నారుమడులకు, కూరగాయలకు తెచ్చిన షేడ్ నెట్టు మూలన పడి ఉన్నోళ్లు చాలామంది ఉన్నరు. రేకుల మీద జానెడు, మూరెడు ఎత్తున గాలి ఆడేటట్టు కట్టండి, రేకుకు అంటించి కట్టకండి. ఇంటి కప్పు మీద గడ్డి మాత్రం వద్దు, పొయ్యి నిప్పురవ్వ చాలు.

శనివారం సాయంత్రం మా మేనత్త రేకుల ఇంటికి సున్నం వేస్తున్నం. సున్నం నానబెట్టి ఉంచుత. చూద్దామనుకునేటోళ్లు రండి, బ్రష్షు మీరే తెచ్చుకోండి.