ముందు ఆ వీడియో కట్టేయండి

చదువులో వెనకబడ్డానని, ఉద్యోగంలో ఎదగలేదని, పిల్లల్ని సరిగా పెంచలేకపోతున్నానని తమను తామే తిట్టుకునేవాళ్లు అర్ధరాత్రి ఫోన్‌లో ఊరట వెతుక్కుంటున్నారు. వాళ్లకీ, వాళ్ల ఇంట్లోవాళ్లకీ ఈ హెచ్చరిక. దొరికిన ప్రతి మోటివేషన్ వీడియో మందు కాదు. కొన్నింటితో బాధ ముదురుతుంది.

హాస్టల్లో ఉన్న ఇంటర్ పిల్లాణ్నే తీసుకోండి. వీక్లీ టెస్టులో మార్కులు తగ్గాయి. ‘నాలుగింటికి లేవండి, 21 రోజుల్లో మారిపోతారు’ అన్న వీడియో చూసి అలారం పెట్టుకున్నాడు. మూడోరోజు మెలకువ రాలేదు. నిన్నటిదాకా ‘మార్కులు రాలేదు’ అని ఏడ్చినవాడు ఇప్పుడు ‘బాగుపడటం కూడా నాకు చేతకాదు’ అంటాడు. ఆ సలహాలోనే లోపం ఉండొచ్చని వాడికి తోచదు. ప్రతిదానికీ తననే నిందించుకోవడం వాడికి అలవాటైపోయింది. పైగా ఒకటి చూస్తే అలాంటివే పది వరసకడతాయి.

అద్దం ముందు ‘నేను గొప్పవాణ్ని’ అని జపించమనే సలహా మరీ ప్రమాదం. కెనడా సైకాలజిస్టు జోయాన్ వుడ్ బృందం 2009లో ప్రచురించిన పరిశోధనలో కొందరితో ‘నేను ప్రేమకు తగిన మనిషిని’ అని పదేపదే అనిపించారు. తమను తాము తక్కువగా చూసుకునేవాళ్లలో, ఆ మాట అననివాళ్లకన్నా అన్నవాళ్ల మనసే ఎక్కువ కుంగింది. లోపలి గొంతు ‘అబద్ధం’ అని ఎదురుతిరుగుతుంటే ఇంకేమవుతుంది?

ఆన్‌లైన్ సాయమంతా దండగని కాదు, దాని వెనక నిపుణుల పద్ధతి ఉందా అన్నదే చూడాలి. బ్రిటన్ సైకాలజిస్టు పాల్ గిల్బర్ట్ రూపొందించిన కరుణ కేంద్రిత చికిత్స ఇలా తమను తామే నిందించుకునేవాళ్ల కోసమే. అందులో పొగుడుకోవడం ఉండదు. కష్టంలో ఉన్న స్నేహితుడితో మాట్లాడినట్టు తమతో తాము మాట్లాడుకోవడం నేర్పుతారు. అదీ అందరికీ వెంటనే పడదు. తమపై దయ చూపించుకోవాలంటేనే భయపడేవాళ్లున్నారని గిల్బర్టే చెప్పారు. అలా అనిపిస్తే ఒంటరిగా కొనసాగించకండి, సైకాలజిస్టును కలవండి.

ఆన్‌లైన్‌లో ఇలాంటి కోర్సులు అమ్మేవాళ్లను నిలదీయండి: మీ చదువేమిటి? దీన్ని ఎవరి మీద పరీక్షించారు? చూసేకొద్దీ మనసు బరువెక్కినా, నిద్ర చెడినా, అన్నం సహించకపోయినా మానేయండి.

తల్లిదండ్రులూ, మీ బిడ్డ ‘నేను వేస్ట్’ అంటే ఏదో వీడియో లింకు పంపి ఊరుకోకండి. పక్కన కూర్చుని ఎప్పటినుంచి అలా అనిపిస్తోందో అడగండి. చెప్పేది పూర్తిగా వినండి.

‘నేను లేకపోతేనే మావాళ్లు సుఖపడతారు’ అన్న ఆలోచన వచ్చిందా? ఇంకొక్క వీడియో కూడా చూడకండి. ఇంట్లోవాళ్లను నిద్రలేపండి. అపాయం దగ్గర్లో ఉంటే 112కి ఫోన్ చేయండి. మనసు విప్పి మాట్లాడాలంటే 14416 ఉంది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ హెల్ప్‌లైన్ అది. డబ్బులు అడగరు, ఏ వేళప్పుడైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.