పంది గొంతును సూక్ష్మదర్శినియును

నున్నగా బలిసియున్న పందిని చూచి, "దీనికేమి రోగము?" అని మనము తలంతుము. కంటి సాక్ష్యము చాలదని సూక్ష్మదర్శిని చెప్పుచున్నది.

పంది నోట అంగిటి వెనుకనున్న మెత్తని భాగమున టాన్సిలు గ్రంథులు గలవు. వాని పైభాగమున సూది గ్రుచ్చినట్లు చిన్న రంధ్రములుండును. అవి లోపలికి లోతైన సందులుగా సాగియుండును. మేతతో వచ్చు క్రిములను పసికట్టి దేహమును కాపాడుట ఈ గ్రంథుల పని. అయినను కావలివాని యింటనే దొంగ కాపురమున్నట్లు, స్ట్రెప్టోకాకస్ సూయిస్ అను బాక్టీరియా అచ్చటనే నివసించును. గ్రంథిని పలుచని పొరలుగా కోసి, 1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ ప్రకటించిన రీతిని రంగు పట్టించి చూచినచో, ఊదారంగు గల గుండ్రని కణములు జంటలుగాను, పొట్టి గొలుసులుగాను అగపడును. ఇట్టి రూపము గల జాతులు పెక్కు గలవు గావున, వానిని పెంచి పరీక్షించిన పిమ్మటనే పేరు నిశ్చయింపవలయును. ఈ క్రిమిని మోయు పందులలో అనేకములు ఏ జబ్బును లేక తిరుగుచుండును.

ఇది పందుల మాట మాత్రమే కాదు. ఈ క్రిమివలన మనుష్యులకు వ్యాధి కలుగుట 1968లో డెన్మార్కు దేశమున మొదట తెలియవచ్చెను. 2005లో చైనాలోని సిచువాన్ రాష్ట్రమున రెండువందలకు మించిన జనులు దీనివాత బడిరి. 38 మంది మృతినొందిరి. వారిలో పెక్కురు జబ్బుపడిన లేక చచ్చిన పందులను స్వహస్తములతో కోసిన రైతులు. మెదడు పొరలకు వాపు వచ్చి బ్రతికినవారిలో అనేకులకు చెవుడు మిగులును.

ఇది విని కొందరు పందులను పెంచువారిని ఏవగించుకొందురేమో! అది అన్యాయమని నా యభిప్రాయము. క్రిమి గొంతులో నుండుట పెంచువాని దోషము కాదు. దోషమెచ్చటనన్న, ప్రయోగశాలలో తెలిసిన సంగతి కత్తి పట్టినవాని చెవికి చేరకుండుటయందే. వానికి చెప్పవలసిన మాటలు నాలుగే: చేతి గాయమును కప్పుకొని పని చేయుము, జబ్బుపడిన పందిని, చచ్చిన పందిని కోయకుము, పని ముగియగానే సబ్బుతో చేతులు కడుగుకొనుము, మాంసమును లోపలి యెరుపు పోవువరకు ఉడికింపుము. ఆరోగ్యముగా కనబడు పంది విషయమునను మొదటి మాట మరువరాదు.

విద్యార్థులారా! సూక్ష్మదర్శినిలో చూచినదానిని కాగితముపై బొమ్మగా దించి మార్కులు పొందుటతో మన పని తీరదు. చూచినవారు చూడనివారికి ఋణపడియున్నారు. ఆ ఋణము వారి వాకిట నిలిచి, వారికి తెలియు మాటలలో తీర్పవలయును.