క్లబ్బులో ఆడితే నైపుణ్యం, చింతకింద ఆడితే నేరమా?

రాజ్యాన్ని, తమ్ముళ్లని, చివరికి కట్టుకున్న ఆలిని కూడా జూదంలో ఒడ్డినవాడిని ధర్మరాజు అని పిలిచిన దేశం మనది. ఉద్దానంలో కొబ్బరికాయలు దింపే కూలీ ఒకడు చింతచెట్టు కింద యాభై రూపాయలు ఒడ్డితే మాత్రం వాడు జూదరి, తాగుబోతు, "ఆ పేటోళ్లంతా అంతే!" ఈ తేడా పురాణాలతో ఆగిపోలేదు. చట్టంలోకీ వచ్చి కూర్చుంది.

1963 మే నెలలో సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. లోపల డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1967 నవంబరులో తీర్పు వచ్చింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో తెలియాలి, కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట అని కోర్టు అంది. మూడు ముక్కలాట అలాంటిది కాదంది. కూర్చున్నందుకు సభ్యుల దగ్గర ఫీజు తీసుకున్నంత మాత్రాన క్లబ్బు జూదగృహం అయిపోదంది. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది: పందెం ఆట మీద ఇంటి యజమాని గానీ క్లబ్బు గానీ లాభం చేసుకుంటే నేరం రుజువు కావచ్చు. క్లబ్బుల వాళ్లు తీర్పుని పటం కట్టించుకుంటే మొదటి సగమే కట్టించుకుంటారు.

1974లో ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం వచ్చింది. నైపుణ్యం ఆటలకు మినహాయింపు రాశారు. జూదగృహం నడిపేవాడికి శిక్ష, అందులో దొరికినవాడికి శిక్ష, బహిరంగ స్థలంలో ఆడినవాడికి శిక్ష. బహిరంగ స్థలమంటే ఏటి? మన చింతచెట్టు, మన రచ్చబండ, మన చెరువుగట్టు. నాలుగు గోడలు, తిరిగే ఫ్యాను, సభ్యత్వ పుస్తకం ఉన్నవాడికి ఆ బెడద లేదు. 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు సంతకాలు పెడితే సంఘం రిజిస్టరవుతుంది. ఆశయాల కాగితంలో 'క్రీడలు, వినోదం, సంస్కృతి' అని రాస్తే సరి. ఆ ఏడుగురిలో పేట మనిషి ఒక్కడుంటే చూపించండి.

పోయిన సంక్రాంతి ముందు టెక్కలి వైపు ఒక పేటలో ఐదుగురిని ఎత్తుకుపోయారు. క్వారీ కూలీలు. మూడు ముక్కలాట ఆడుతూ దొరికారు. మేము స్టేషను దగ్గరికి వెళ్లాం. వాళ్లలో ఒక కుర్రాడు ఒడ్డింది, తల్లిని డయాలిసిస్‌కి పలాస తీసుకెళ్లడానికి ఆటోకని దాచిన డబ్బు. వాణ్ణి మేము వెనకేసుకు రాలేదు. తల్లి ముందే నిలబెట్టి తిట్టాం. వాడి పెళ్ళాం జీడిపిక్కల ఫ్యాక్టరీ నుంచి తిన్నగా వచ్చింది, జీడి తగిలి వేళ్లన్నీ నల్లబడి ఉన్నాయి. "మేస్టారూ, ఆడినొగ్గినా ఒగ్గకపోయినా నాకేటి. ఆ డబ్బులొగ్గీమనండి. అవి నా పిక్కల కూలి" అంది. ఆ డబ్బు పట్టుకున్న సొమ్ము కింద రాసేశారు. మేము తిరిగొస్తుంటే దారిలో ఒక మేడ మీద లైట్లు వెలుగుతున్నాయి, కింద కార్లున్నాయి. అక్కడ నైపుణ్యం నడుస్తోంది!

ఇప్పుడు క్లబ్బుకి మేడ కూడా అక్కర్లేదు. సెల్‌ఫోనే క్లబ్బు, అదే ఆట యంత్రం. చెన్నైకి, హైదరాబాదుకి వలసపోయిన మన పిల్లలు ఆ యంత్రంలో ఎంత పోగొట్టుకున్నారో అప్పులు తీర్చిన అమ్మల్ని అడగండి. 2020లో రాష్ట్ర ప్రభుత్వం 1974 చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని అందులోకి తెచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ ఆటల చట్టం చేసింది. నైపుణ్యమా అదృష్టమా అన్న పంచాయితీయే అక్కర్లేదు, డబ్బు పెట్టి ఆడిస్తే నేరమే అంది. ఆడించే కంపెనీకి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ఆడినవాడికి శిక్ష లేదు, వాడు బాధితుడంది.

ఇదే మేము పట్టుకున్న మాట. ఫోనులో ఆడినవాడు బాధితుడైతే చింతకింద ఆడినవాడు నేరస్తుడెలా అయ్యాడు? ఫోనులో పనికిరాని నైపుణ్యం వాదన మేడ మీద ఎలా చెల్లుతోంది?

మనవాళ్ల సంగతీ చెప్పుకోవాలి. కొందరు యువకులు మా దగ్గరికొచ్చి, "వాళ్లకి క్లబ్బుంటే మనకెందుకు లేదు? కమ్యూనిటీ హాలు ఖాళీగా ఉంది. మనమూ రిజిస్టరు చేయిద్దాం, బోర్డు కడదాం, పోలీసుల గొడవ ఉండదు, సంఘానికి నాలుగు డబ్బులొస్తాయి" అన్నారు. సమానత్వం మాటే కదా, చప్పున కాదనలేకపోయాం. ఒక రాత్రంతా వాదించుకున్నాం. ఆ నాలుగు డబ్బులు ఎవరివి తమ్ముడూ? పిక్కలు ఒలిచిన అప్పల కూలి డబ్బులు. అవి దొర క్లబ్బుకి పోతే దోపిడీ, మన హాలుకొస్తే సంఘనిధా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా లైసెన్సు మా కులానికీ ఇవ్వండని అడగలేదు. జిల్లా అంతా ఆడవాళ్లు కదిలి సారా వేలంపాటల్నే అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1న ప్రభుత్వం సారాని నిషేధించక తప్పలేదు. లైసెన్సు అడిగి ఉంటే, మనలోనే ఒక కాంట్రాక్టరు పుట్టేవాడు, అంతే.

ఆడుకోవద్దని మేము అనడం లేదు. పందెం లేకుండా పేకలే వేసుకోండి, క్యారమ్స్ ఆడండి. తిత్లీ వచ్చిన 2018లో తోటలన్నీ పడిపోయి పని లేక మనుషులు పిచ్చెక్కినట్టు కూర్చున్న రోజులు మేము చూశాం. కాలక్షేపం కూడా కావాలి మనిషికి.

ప్రభుత్వాన్ని మేము అడిగేది ఇది. కేంద్రం ఫోనుకి పెట్టిన రూలే రాష్ట్రం క్లబ్బుకీ పెట్టాలి. ఆట మీద సంపాదించేవాడిని పట్టుకోవాలి, రోజుకూలీని కాదు. వినోదం పేరుతో రిజిస్టరైన ప్రతి సంఘమూ సభ్యుల జాబితా, ఆట మీద వసూలు చేసిన ఫీజుల లెక్క పంచాయతీ ఆఫీసులో, మున్సిపాలిటీలో గోడకి అంటించాలి. దాచుకోవడానికేమీ లేకపోతే అంటించడానికి భయమెందుకు? పెళ్ళాం కష్టం డబ్బు పట్టుబడితే ఆమెకి తిరిగిచ్చే దారి చట్టంలో రాయాలి. ఈ చివరిది ఏ వకీలూ చెప్పింది కాదు, స్టేషను మెట్ల మీద ఆ తల్లి చెప్పింది.

పలాస, వజ్రపుకొత్తూరు, మందస, టెక్కలి సంఘాలు ఈ నాలుగూ కాగితం మీద రాసి వచ్చే గ్రామసభలో పెట్టాలి. సంతకాలు ముందు ఆడవాళ్ల చేత పెట్టించండి. హాలు తాళంచెవి ఎవరి దగ్గరుందో కూడా ఆ రోజే అడగండి.