చలి అంకెను కూడా చదవండి

రెంటచింతల వాతావరణ కేంద్రం పేరు మనకు మే నెల ఎండల్లోనే గుర్తుకు వస్తుంది. పుష్యమాసంలో అక్కడ నమోదయ్యే కనిష్ఠ ఉష్ణోగ్రతను పిడుగురాళ్లలో ఎందరు గమనిస్తున్నారు?

మైదానాల్లో కనిష్ఠం 10 డిగ్రీలకు దిగనిదే వాతావరణ శాఖ శీతల గాలులను ప్రకటించదు. మన ప్రాంతంలో అంతటి చలి అరుదు. కనుక హెచ్చరికా అరుదే. కాని వృద్ధుల రక్తనాళాలు ఆ అంకె కోసం వేచి ఉండవు. చలికి అవి ముడుచుకొని, రక్తపోటు పెరుగుతుంది. పైగా గాలి కదలని శీతల రాత్రులలో సున్నపు బట్టీల పొగ నేలబారున నిలిచిపోతుంది.

గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారు తెల్లవారుజాము నడకను ఎండ వచ్చేదాకా వాయిదా వేయడం పిరికితనం కాదు, వివేకం. మిర్చి కల్లాల కాపలాదారులు చెవులు కప్పుకొని పడుకోవాలి. మూసిన గుడిసెలో నిప్పుల కుంపటి మాత్రం ప్రాణాంతకం.