సీసాలో ఒకటి, కడుపులో ఒకటి

గ్లాసు నీళ్ళలో నాలుగు చుక్కల డెటాల్ వేస్తే ఏమవుతుందో మనందరికీ తెలిసిందే. సీసాలో తేటగా ఉన్న ద్రవం కాస్తా పాలలా తెల్లబడుతుంది. సీసాలో చూసింది వేరు, నీళ్ళలో కలిశాక మిగిలింది వేరు. 'నానో' అని రాసి అమ్మే విటమిన్ డి, పసుపు సారం చుక్కలు కొనేముందు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

ఈ పోషకాలు నీళ్ళలో దాదాపు కరగవు. టమాటాకి ఎరుపునిచ్చే లైకోపీన్‌దీ అదే తంతు. అందుకే నూనెలో మగ్గిన టమాటా నుంచి ఒంటపట్టినంతగా పచ్చి టమాటా నుంచి పట్టదు. దీనికి ఒక ఉపాయం మైక్రోఎమల్షన్. నూనె, నీరు, రెంటినీ కలిపే సబ్బులాంటి పదార్థం సరైన పాళ్ళలో కలిస్తే, కొన్ని పదుల నానోమీటర్ల బిందువులు వాటంతటవే ఏర్పడతాయి. అంత చిన్నవి కనుక ద్రవం తేటగా ఉంటుంది, మీగడలా విడిపోదు.

అసలు కథ నీళ్ళు పోశాక మొదలవుతుంది. మొదట నూనెలో నీటి బిందువులుంటాయి. నీరు పెరిగేకొద్దీ రెండూ స్పాంజిలా అల్లుకుపోతాయి. ఇంకా పోస్తే నీటిలో నూనె బిందువులవుతాయి. జెరూసలెంలోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో నిస్సిమ్ గార్టి బృందం 2000 తర్వాత ఇలా చివరిదాకా తేటగా ఉండే మిశ్రమాలపై విస్తారంగా పనిచేసింది. లోపలి మార్పు కంటికి కనబడదు కనుక విద్యుద్వాహకత, చిక్కదనం, ఎక్స్ కిరణాల పరిక్షేపణం వంటివి కొలిచారు. లైకోపీన్ ఊరికే కూర్చునే ప్రయాణికుడు కాదనీ, అది చేరితే నిర్మాణమే మారుతుందనీ తేలింది.

'నా మెషీన్ మీద బాగానే పనిచేసింది' అనే మాట మనకి కొత్త కాదు. సీసా డెవలపర్ మెషీన్ అయితే, కడుపు ప్రొడక్షన్ సర్వర్. అక్కడ నీరే కాదు, ఆమ్లం, పైత్యరసం, ఎంజైములూ ఉంటాయి. గ్లాసులో తేటగా ఉందన్నది యూనిట్ టెస్ట్ మాత్రమే.

నిర్మాణం మారితే మోతాదు అర్థమే మారుతుంది. అవయవ మార్పిడి రోగులకిచ్చే సైక్లోస్పోరిన్ ఇందుకు సాక్ష్యం. నీటిలో మైక్రోఎమల్షన్‌గా మారే 'నియోరల్'కి అమెరికాలో 1995లో అనుమతి వచ్చింది. పాత 'శాండిమ్యూన్' కన్నా ఇది ఎక్కువగా ఒంటపడుతుంది. అందుకే డాక్టరు పర్యవేక్షణ లేకుండా ఒకదాని బదులు ఒకటి వాడొద్దని లేబులే హెచ్చరిస్తుంది.

మందు కనుక అంత జాగ్రత్త. 1994 చట్టం ప్రకారం అమెరికాలో సప్లిమెంట్లు అమ్మడానికి ముందస్తు అనుమతి అక్కరలేదు. 'ఎన్నో రెట్లు ఎక్కువ శోషణ' నిజమైతే, అన్ని రెట్లూ డోసు పెరిగినట్టే కదా! విటమిన్ డి అతిగా చేరితే రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరుగుతుంది.

కొవ్వు సరిగా అరగని జబ్బులున్నవారికి ఈ పరిజ్ఞానం మేలు చేయగలదు. దాన్ని తీసిపారేయమనడం లేదు. కంపెనీలు సీసాలోని బిందువు కొలత కాక, మనుషుల రక్తంలో కొలిచిన అంకెలు చూపించాలంటున్నాను. అవి చూపించేదాకా, అరుగుదల బాగున్నవాళ్ళకి మామూలు క్యాప్స్యూల్, నెయ్యి వేసుకున్న భోజనంతో సరిపోతుంది.