న్యాయమునకు ఇన్ని ముద్రలేల?

ఈ వారము ఆక్లాండులోని ఒక పెద్ద దుకాణమున చాకొలెట్టు అర ముందు నిలిచియుండగా, ఈ దేశమునకు క్రొత్తగా వచ్చిన తెలుగు యువతి యొకతె అట్టలమీది ముద్రలను చూపి, "అంకుల్, వీటిల్లో రైతుకి నిజంగా డబ్బు చేరేది ఏదండీ?" అని యడిగినది. ఒక అట్టపై ఫెయిర్‌ట్రేడ్ వారి ముద్ర, వేరొకదానిపై రెయిన్‌ఫారెస్ట్ అలయన్స్ వారి కప్ప, ఇంకొకదానిపై కోకో లైఫ్ అను కంపెనీవారి స్వంత ముద్ర, ఆ ప్రక్కనే క్రైస్ట్‌చర్చిలో తయారైన ట్రేడ్ ఎయిడ్ వారి సరకు. ఆమెకు సమాధానము చెప్పుటకు చాలసేపు పట్టినది. రెక్కల కష్టముతో తెచ్చుకొన్న నాలుగు డాలర్లను ధర్మముగా వెచ్చింపగోరు మనిషికి ఇంత వ్యాఖ్యానము వినినగాని మేలేదో కీడేదో తెలియకుండుటకు వర్తకులే కారకులని నేననుకొనను; న్యాయవాణిజ్యమే తమ వ్రతమని చాటుకొను సంస్థలు ఎవరి ముద్రను వారు కాచుకొనుచు, కొనువానితో ఒక్క కంఠమున మాటాడక పోవుటయే దీనికి మూలమని నా దృఢవిశ్వాసము.

ఈ దేశమున ఈ ఉద్యమము పుట్టిన తీరు తెలిసినవారికి ఈ బాధ మరింత తీవ్రముగా నుండును. ఉత్తర భారతమున టిబెట్టు శరణార్థుల నడుమ పనిచేసి వచ్చిన వై, రిచర్డ్ కాట్రెల్ దంపతులు, వారు నేసిన తివాచీలను క్రైస్ట్‌చర్చికి తెప్పించి అమ్మి, 1973లో ట్రేడ్ ఎయిడ్ సంస్థను స్థాపించిరి. నేసినవాని పేరును, ఊరును ఎరిగి, ఏండ్ల తరబడి ఆ సంబంధమును నిలుపుకొని, అడిగినపుడు ముందుగానే సొమ్ము పంపి సరకు తెప్పించుట వారు నడచిన మార్గము. 1988లో నెదర్లాండ్సున మాక్స్ హావెలార్ ముద్రతో ఆరంభమైన రెండవ మార్గము వేరు: సంస్థను గాక సరకును పరీక్షించి, నియమములకు లోబడిన ప్రతి పొట్లముపై ముద్ర వేసి, ఏ దుకాణమునందైనను అమ్మించుట. మొదటిదానికి లోతున్నది, రెండవదానికి వైశాల్యమున్నది. ఈ రెండును ఒకదానికొకటి పూరకములేగాని విరోధులు కావు.

ఈ సత్యము ఆ సంస్థలకు తెలియదా? 1998లో నాలుగు అంతర్జాతీయ సమాఖ్యలు ఫైన్ అను పేరిట ఒక వేదికపైకి వచ్చినవి. 2001లో న్యాయవాణిజ్యమునకు ఒక ఉమ్మడి నిర్వచనమును అంగీకరించినవి. 2004లో బ్రస్సెల్సునందు ఉమ్మడి కార్యాలయము తెరచినవి. 2009లోను, మరల 2018లోను ఉమ్మడి ప్రణాళికలు వెలువడినవి. కాగితముపై సహకారమునకు కొదువ లేదు. కాని 2011లో అమెరికాలోని ఫెయిర్ ట్రేడ్ యుఎస్ఏ, చిన్న రైతుల సంఘముల కాఫీకేగాక పెద్ద ఎస్టేట్ల కాఫీకిని ముద్ర వేయవలెనని పట్టుబట్టి, ముద్ర వేయు అంతర్జాతీయ సమాఖ్యనుండి వైదొలగినది. ఆ నిర్ణయమును నేను నేటికిని క్షమింపలేదు. ఎస్టేటు కూలివానికి న్యాయము వలదని కాదు. దానికి వేరు సాధనములు గలవు. పది ఎకరములైనను లేని రైతు పదిమందితో కూడి సంఘము కట్టుకొనినప్పుడే బజారున నిలువగలడు. ఆ సంఘమునకు ఎస్టేటును పోటీగా నిలిపినచో, ఉద్యమము తాను కూర్చున్న కొమ్మను తానే నరుకుకొన్నట్లగును.

విడిపోయినచో లాభించునది ఎవరికో న్యూజిలాండు చాకొలెట్టు చరిత్రయే చెప్పుచున్నది. 2010లో ఇచ్చటి క్యాడ్‌బరీ డెయిరీ మిల్కు ఫెయిర్‌ట్రేడ్ ముద్రను ధరించినది. అంతకు ముందటి సంవత్సరముననే వెల్లింగ్టను ఫెయిర్ ట్రేడ్ నగరముగా గుర్తింపు పొందియుండెను. అది ఉద్యమమునకు ఉచ్చదశ. కొన్నేండ్లకే ఆ చాకొలెట్టు యజమాని సంస్థ ముద్రను వదలి, తానే నడపు కోకో లైఫ్‌కు మరలినది. విట్టేకర్స్ వారును ఫెయిర్‌ట్రేడ్‌ను విడిచి కప్ప ముద్రకు మారిరి. ఒక ముద్ర కఠినమనిపించిన వర్తకునికి, కొంత సులువైన ముద్ర ప్రక్క అరలోనే దొరకుచున్నంతకాలము, ఏ నియమమును అతనిని బంధింపజాలదు.

కాఫీ సంగతి చూడుడు. ఫెయిర్‌ట్రేడ్ వారు కడిగిన అరబికాకు పౌనుకు 1 డాలరు 40 సెంట్లుగా నున్న కనీసపు ధరను 2023లో 1 డాలరు 80 సెంట్లకు పెంచిరి. పైగా సంఘమునకు 20 సెంట్ల ప్రీమియము. 2025 ఆరంభమున బజారు ధరయే 4 డాలర్లు దాటినది. ఇక రైతుకు చింత లేదని కొందరు సంతసించిరి. కాని ధర పెరిగిననాడే సంఘములకు గండము: దళారి రొక్కము పట్టుకొని కళ్లమునకు వచ్చును, తక్కువ ధరకు ముందే ఒప్పందము వ్రాసిన సంఘమునకో, తన సభ్యునివద్ద కొనుటకే పైకము చాలదు. కోరినచో ఒప్పందపు విలువలో 60 శాతము వరకు ముందుగా ఇయ్యవలెనని నియమమున్నది. ఆ భారమును ఏ ఒక్క చిన్న కొనుగోలుదారుడు మోయగలడు? సంస్థలు కూడబలుకుకొని మూలధనము సమకూర్చినగాని ఆ నియమము అక్షరములకే పరిమితమగును.

సహకార సంఘములను గూర్చి నేను తరచు వ్రాయుచున్నానని కొందరు పాఠకులు విసుగుకొనుచున్నారు. ఇంకను వ్రాసెదను. మన మన్యమున గిరిజన సహకార సంస్థ 1956లోనే పుట్టినది. అరకు కాఫీ 2019లో భౌగోళిక గుర్తింపు పొందినది. 2004లో ఆరంభమైన చేతన ఆర్గానిక్ ఆదిలాబాదు, విదర్భ, ఒడిశాల ప్రత్తి రైతులను సంఘములుగా కూర్చి న్యాయవాణిజ్యపు బజారునకు చేర్చినది. వెల్లింగ్టనులో 2006లో మొదలైన కౌటౌ అను దుస్తుల సంస్థ భారతీయ రైతుల ఫెయిర్‌ట్రేడ్ ప్రత్తిని కొనుచుండగా, ఉగాదికిని క్రికెట్టు పోటీలకును చొక్కాలు కుట్టించు మన తెలుగు సంఘములు, ఏ గుర్తింపును లేని అగ్గువ బట్టను ఎక్కడినుండియో తెప్పించుచున్నవి. ప్రత్తి చేలలో మనవారు ప్రాణములు తీసికొనిన కథలు మనకు తెలియనివి కావు. తెలిసియు ఇట్లు చేయుట నాకు సహింపరానిదిగా నున్నది.

ఇంతకంటె సహింపరానిది మరొకటి గలదు. ట్రేడ్ ఎయిడ్, వరల్డ్ విజన్ సంస్థలు చేయి కలిపి, సరకుల వెనుకనున్న ఆధునిక దాస్యమును అరికట్టు శాసనము కావలెనని 37,000 సంతకములతో 2021లో పార్లమెంటునకు విన్నపము సమర్పించినవి. సంస్థలు కలిసినచో ఏమి చేయగలవో చెప్పుటకు ఇంతకంటె మంచి నిదర్శనము నాకు దొరకదు. బ్రిటనునకు 2015లోను, ఆస్ట్రేలియాకు 2018లోను అట్టి శాసనములు వచ్చినవి. ఇచ్చటనో, ఆ విషయమై ప్రభుత్వమునకు సలహా చెప్పుటకు నియమింపబడిన బృందమునే 2024లో రద్దుచేసిరి. అంతకు ముందటి యేడు ఈ ఆక్లాండుననే, గుర్తింపు పొందిన యజమానుల వీసాపై వచ్చిన భారతీయులను, బంగ్లాదేశీయులను, చెప్పిన పని లేక, జీతము లేక, ఒక్క ఇంటిలో పదులకొలది క్రిక్కిరిసియుండగా కనుగొనిరి. ఆ వీసాలకై ఇల్లు తాకట్టుపెట్టి ఏజెంట్లకు లక్షలు పోసినవారిలో మన బిడ్డలును గలరు. వారి జీతము మ్రింగిన యజమానులలో మన భాష మాటాడువారును గలరు. ఘానా కోకో రైతుకై చింతించుచు, ప్రక్క వీథిలోని దుకాణమున పదునాలుగు గంటలు నిలిచి ఎనిమిది గంటల జీతము పుచ్చుకొను పిల్లవానిని చూడని న్యాయదృష్టి నాకు అక్కరలేదు.

కావున మన సంఘముల కార్యవర్గములకు నా విన్నపము రెండు మాటలలో నున్నది. వచ్చు సంక్రాంతి సంబరములకు కాఫీని, చొక్కాలను న్యాయవాణిజ్య సంఘములనుండి కొనుడు. మీ నగరమునందలి మిగిలిన భారతీయ సంఘములతో కలిసి కొన్నచో ధరయు తగ్గును. పనివారికి జీతమెగవేసినట్లు తేలిన యజమాని విరాళమును, అది ఎంత పెద్దదైనను, అదే వేదికపై స్వీకరింపకుడు.